స్పంజికలో కాపురమున్నవాళ్లు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి పంపమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, నేను ఏ పే రివిజన్ల చరిత్రో రాసిస్తానని ఆయన అనుకొని ఉండాలి. ముప్పైఆరేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాడు మరేం రాస్తాడు? కానీ ఈ రెండేళ్లుగా నా బుర్రలో వేరే సంగతి తిరుగుతున్నది. సముద్రంలో ఉండే స్పంజికలు, వాటి ఒంట్లో కాపురముండే బాక్టీరియా, ఆ బాక్టీరియాకు పేర్లు పెట్టిన చరిత్ర. సైన్సు నేను చదువుకున్నవాడిని కాను. మా మనవరాలు చెప్పగా విన్నదీ, ఆమె తెచ్చిచ్చిన పుస్తకాల నుంచి నోట్సు రాసుకున్నదీ సభ్యుల ముందు పెడుతున్నాను.

స్పాంజి అనగానే మన బోటివాళ్లకు గుర్తొచ్చేది క్యాషియరు బల్ల మీది గిన్నె. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడుపుకునేది. అది రబ్బరుది. అసలు స్పాంజిని నేను మొదటిసారి చూసింది 1989 నవంబరులో. కావలి దగ్గర తీరం దాటిన ఆ పెద్ద తుపాను మన జిల్లావాళ్లు మరిచిపోయేది కాదు. నన్ను సహాయ చర్యల డ్యూటీ మీద సముద్రపు ఒడ్డు పల్లెలకు వేశారు. పోయిన పడవలు, వలలు, కూలిన ఇళ్లు లెక్క రాసుకోవడం పని. ఒడ్డంతా తాటిమొద్దులు, చచ్చిన గొడ్లు, చిరిగిన వలలు. వాటి మధ్య అరచేయి వెడల్పున, ముదురు రంగులో, ఒంటి నిండా బెజ్జాలతో ఒకటి పడి ఉంది. వంగి తీయబోతే ఒక పెద్దాయన, ఇల్లు పోయి కూర్చున్నవాడు, అంత దుఃఖంలోనూ నన్ను వారించాడు.

"దాన్ని పట్టుకోబాకు సారూ, దురద పెడతాది."

ఇది చెట్టా, చేపా అని అడిగాను.

"చెట్టూ కాదు, చేపా కాదు. అమ్ముడుపోనిది" అన్నాడు.

ఆ మాటలో సగం చరిత్ర ఉందని నాకు అప్పుడు తెలియదు. స్పంజిక చెట్టా, జంతువా అన్న తగువు యూరపులో చాలా కాలం నడిచింది. కదలదు, నోరు లేదు, పొట్ట లేదు, నరాలు లేవు. 1825 ప్రాంతంలో ఎడింబరోలో రాబర్ట్ గ్రాంట్ అనే ఆయన బతికి ఉన్న స్పంజికను నీళ్లగిన్నెలో పెట్టి సూక్ష్మదర్శినితో చూశాడు. చిన్న బెజ్జాల గుండా నీళ్లు లోపలికి పోయి, పెద్ద బెజ్జం నుంచి బయటికి చిమ్ముతున్నాయి. అంటే అది పని చేస్తున్న ప్రాణి. నీటిని జల్లెడపట్టి, అందులోని నలుసులను, సూక్ష్మజీవులను తిని బతుకుతుంది. బెజ్జాలు మోసే జీవులని అర్థం వచ్చేట్టు ఈ జాతికి లాటిన్ పేరు పెట్టిందీ ఆయనే. కొద్ది రోజులు ఆయన వెంట ఒడ్డున తిరిగిన కుర్రవాడు చార్లెస్ డార్విన్.

మన వైపు స్పంజికల మొదటి లెక్క మద్రాసులో తేలింది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోదే గదా. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ (కులాల మీద, తెగల మీద సంపుటాలు రాసినాయనే) మద్రాసు చుట్టుపక్కల సముద్రంలో స్పంజికలు ఏరించి లండనుకు పంపాడు. ఆర్థర్ డెండీ అనే శాస్త్రజ్ఞుడు వాటిని పరిశీలించి 1887లో నివేదిక అచ్చువేశాడు. మన తీరంలో ఇవి అంతగా కనబడకపోవడానికి కారణం ఉంది. స్పంజికకు పట్టుకోవడానికి గట్టి ఆధారం కావాలి, రాయో, గవ్వో, మునిగిన దుంగో. మైపాడు నుంచి అటూ ఇటూ మనది ఇసుక ఒడ్డు. లోతున ఎక్కడో పెరిగినవి వలల్లో పడో, తుపానుకు ఊడో రావాల్సిందే.

థర్‌స్టన్ పంపినవి జాడీల్లో సారాయిలో ఊరిన స్పంజికలు. ఇంటిని జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపారు గానీ, ఇంట్లోవాళ్లు అందులోనే పోయారు. లోపల ఎవరైనా ఉన్నారేమో చూడాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

ఇక్కడ కొంచెం ఇంటి విషయం చెప్పక తప్పదు. 1996 జూన్‌లో మా అక్క రెండో కొడుక్కి, బి.కాం. ఆఖరి సంవత్సరం చదువుతున్నవాడికి, రక్తపు క్యాన్సర్ అని తేలింది. మద్రాసులో చేర్పించాం. బావగారికి బస్సు దిగితే దిక్కులు తెలియవు. అందుచేత నేనే సెలవు పెట్టి వెంట ఉన్నాను. ఏడు రోజులు రాత్రింబగళ్లు ఒక మందు సెలైనులో ఎక్కించారు, మూడు రోజులు ఎర్రటి మందు ఇంకొకటి. సైటరబిన్, డానోరూబిసిన్. సీసాల మీద పేర్లు చూసి బిల్లులతో సరిచూసుకోవడం నా పని. మేనల్లుడు నాకు డిపెండెంటు కాడు గనక రీయింబర్స్‌మెంటు రాదని తెలుసు. అయినా బిల్లులన్నీ తేదీల వరసన పెట్టి, నంబరు వేసి, ఫైలు కట్టాను. మరో పని చేతకాక.

మందు పనిచేసింది. వాడు ఇంటికొచ్చాడు. మార్చిలో పరీక్షలు రాశాడు, సెకండు క్లాసులో పాసయ్యాడు. ఆగస్టులో పోయాడు. మొత్తం పధ్నాలుగు నెలలు.

ఆ ఫైలు అటక మీద ఉండిపోయింది. రెండేళ్ల క్రితం మా పెద్దవాడి కూతురు, మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదివే పిల్ల, దేనికోసమో వెతుకుతూ దాన్ని దించింది. బిల్లులు తిరగేస్తూ, "తాతా, ఈ మందు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? సముద్రంలో స్పంజిక నుంచి" అన్నది. నాకు వెంటనే ఆ పెద్దాయన మాట గుర్తొచ్చింది. అమ్ముడుపోనిది.

అప్పట్నుంచి ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. యేల్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ బెర్గ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, ఫీనీ అనే సహచరుడితో కలిసి, అమెరికాలో ఫ్లోరిడా తీరాన దొరికిన ఒక స్పంజికలోంచి వింత పదార్థాలు తీసి 1950, 51లలో ప్రకటించాడు. మన కణాల్లో డి.ఎన్.ఎ. అనే పొడుగాటి గొలుసు ఉంటుంది. దాని ప్రతి లింకులోనూ ఒక రకం చక్కెర ఉంటుంది. స్పంజికలోని లింకుల్లో ఆ చక్కెర బదులు అరబినోస్ అనే వేరే చక్కెర ఉంది. చూడ్డానికి అసలు లింకులాగే ఉంటుంది. దొంగనోటు లాంటిదన్న మాట. గబగబా పెరిగే క్యాన్సర్ కణం దాన్ని అసలుదనుకొని గొలుసులో చేర్చుకుంటే గొలుసు అక్కడ ఆగిపోతుంది. ఈ కిటుకు చూసి 1959లో కాలిఫోర్నియాలో సైటరబిన్ తయారుచేశారు. 1969లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా ఆమోదించింది. మావాడికి ఎక్కించింది ఫ్యాక్టరీలో తయారైనదే, కానీ నమూనా ఇచ్చింది స్పంజిక.

రెండోదాని సంగతి ఇంకా వింత. ఆ ఎర్రమందు అచ్చంగా బాక్టీరియా చేసిందే. ఇటలీలో మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా నుంచి 1960ల మొదట్లో తీశారు. అదే కాలంలో ఫ్రాన్సువాళ్లూ విడిగా కనుక్కున్నారు. అందుకని డానీ అనే పాత ఇటలీ తెగ పేరూ, కెంపు అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటా కలిపి పేరు పెట్టారు. తొలకరి వానకు మట్టివాసన వస్తుంది చూడండి, ఆ వాసన కూడా చాలావరకు ఈ జాతి బాక్టీరియాదేనట. ఇన్నేళ్లు పీల్చాం, ఎవరిదో తెలియదు.

రక్తపు క్యాన్సర్ మందుల మాట వచ్చింది గనక మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలవకపోతే తప్పు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, తర్వాత అక్కడ పరిశోధన డైరెక్టరుగా ఉన్నారు. ఆయన బృందం చేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పదహారుమంది పిల్లలకిస్తే పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో ఆ వార్త వచ్చింది. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్ వచ్చిందీ ఆ ఏడాదే, ఆయన డైరెక్టరుగా ఉండగా, డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడి చేతుల మీదుగా. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. పేరు ఫార్బర్‌కు వచ్చింది, డగ్గర్‌కు వచ్చింది. డీలింగ్ అసిస్టెంటు నోటు రాస్తాడు, సూపరింటెండెంటు చూస్తాడు, సంతకం ఆఫీసరుది. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. ఒక్క ఊరట ఏమిటంటే, 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

స్పంజికల్లోనూ ఇదే కథ. బెర్గ్‌మన్ తర్వాత రెండు మూడు దశాబ్దాలు లోకమంతటా స్పంజికలను పిండి మందులు వెతికారు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవాళ్లు కూడా మన్నారు సింధుశాఖ వైపు నుంచి తెప్పించిన స్పంజికల్లో ఎన్నో రసాయనాలు తీశారు. ప్రతి కాగితం మీదా "ఫలానా స్పంజిక నుంచి" అనే. స్పంజిక సంతకం. నోటు రాసిందెవరు?

అనుమానం ఫ్రాన్సులో మొదలైంది. మార్సెయ్‌లో జాన్ వాస్లే అనే ఆయన 1970లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద స్పంజిక ముక్కలు పెట్టి చూస్తే, కొన్నిటిలో ఒంట్లో మూడో వంతు పైచిలుకు బాక్టీరియాయే! స్పంజికకు అవి తిండి గదా, మరి లోపల అన్ని కోట్లు చెక్కుచెదరకుండా ఎట్లా ఉన్నాయి? 1984లో విల్కిన్సన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు వాస్లే తదితరులతో కలిసి పరీక్ష పెట్టి చూశాడు. సముద్రపు నీటిలో వచ్చే బాక్టీరియాను స్పంజిక తినేస్తుంది. తనలో కాపురమున్నవాటిని మింగినా, అరగించుకోకుండా బయటికి వదిలేస్తుంది. వీధిలో పోయేవాళ్లను పీక్కుతిని, అద్దెకున్నవాళ్ల జోలికి పోని ఇంటి ఓనరన్న మాట. మామూలు సముద్రపు నీటిలో మిల్లీలీటరుకు పది లక్షల బాక్టీరియా ఉంటే, ఇట్లాంటి స్పంజికలో గ్రాముకు పది కోట్ల నుంచి వెయ్యి కోట్ల దాకా ఉంటాయి.

ఇక అసలు నోటు రాసినవాడు దొరికింది 2014లో. జపాను తీరపు నీళ్లలో థియోనెల్లా స్విన్‌హోయి అనే స్పంజిక ఉంది. అందులో నుంచి మందుకు పనికొచ్చే పదార్థాలు పదులకొద్దీ తీశారు. జోర్న్ పీల్ అనే శాస్త్రజ్ఞుడి బృందం ఒక్కొక్క బాక్టీరియా కణాన్ని వేరుచేసి, వాటి జన్యువులు చదివి, ఆ పసుపురంగు స్పంజికలో దొరికిన మందుపదార్థాలు దాదాపు అన్నీ ఒకే ఒక్క బాక్టీరియా పని అని తేల్చింది. దాని పేరు ఎంటోథియోనెల్లా. చమత్కారమేమిటంటే స్పంజిక పేరులోని స్విన్‌హో శాస్త్రజ్ఞుడి ఉద్యోగం చేసినవాడు కాదు. తైవాన్‌లో ఉన్న బ్రిటిషు కాన్సులు. ఆఫీసు పని చూసుకుంటూ పక్షులూ, జీవులూ సేకరించినవాడు. మనవాళ్లలో అట్లాంటి అభిరుచి ఉన్నవాళ్లను ఎంతమందిని చూశాం? ఒకరిద్దరు.

అయితే ఎంటోథియోనెల్లాకు ఇప్పటికీ పూర్తి హోదా లేదు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. బాక్టీరియాకు పేరు ఖాయం చేయడానికి మన సర్వీసు రూల్సు కంటే గట్టి రూల్సు ఉన్నాయి. 1980 జనవరి 1న పాత పేర్లన్నీ తిరగతోడి, సరైన ఆధారమున్న రెండువేల చిల్లర పేర్లు మాత్రం ఉంచి, మిగతావి కొట్టేశారు. సర్వీసు రిజిస్టరు కొత్తగా తెరిచినట్టు. కొత్త బాక్టీరియా దొరికిందంటే దాన్ని ప్రయోగశాలలో విడిగా పెంచి చూపాలి. దాని వంశాన్ని రెండు వేర్వేరు దేశాల భాండారాల్లో జమ చేయాలి. మన దేశంలో అట్లాంటి భాండారం చండీగఢ్‌లో 1986 నుంచీ ఉంది. లక్షణాలన్నీ రాసి, ఆ శాస్త్రానికి గెజిటు లాంటి పత్రికలో అచ్చయితేనే పేరు చెల్లుతుంది. ఎంటోథియోనెల్లాను ఇలా విడిగా పెంచి చూపలేదు. అందుచేత దాని పేరు ముందు క్యాండిడేటస్ అని తగిలించారు. అంటే అభ్యర్థి! పని మొత్తం అదే చేస్తున్నది, రెగ్యులరైజేషను మాత్రం కాలేదు. ఎన్.ఎం.ఆర్. మీద ఇరవయ్యేళ్లు పనిచేసిన మన అటెండర్లు గుర్తురాలేదూ? సముద్రపు బాక్టీరియాలో నూటికి ఒకటి కూడా మామూలు పద్ధతిలో పెరగదట. అందువల్ల అభ్యర్థుల క్యూ చాలా పొడుగు.

మన ఆంధ్ర తీరపు బాక్టీరియా గెజిటుకెక్కిన ముఖ్యమైన సంవత్సరం 2007. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సి.హెచ్.వి. రమణగారు, జె.ఎన్.టి.యు.లో సి.హెచ్. శశికళగారు, వారి విద్యార్థులు తీరం వెంబడి నీళ్లు, బురద సేకరించి, వెలుతురుతో బతికే రంగురంగుల బాక్టీరియా పట్టారు. ఇవి స్పంజికల్లోవి కావు గానీ మన సముద్రానివే. రోడోవులం విశాఖపట్నమెన్సె, రోజియోస్పిరా విశాఖపట్నమెన్సిస్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, మారిక్రొమాటియం భీమ్లికం. చివరిది భీమిలి పేరు మీద. దొరికింది ఉప్పునీటి చెరువులో, మన రొయ్యలగుంటల బాపతు చోటన్న మాట. ఒకే ఊరికి ఒకచోట 'ఎన్సె', ఒకచోట 'ఎన్సిస్' ఎందుకని మనవరాలిని అడిగితే, లాటిన్‌లో రోడోవులం నపుంసకలింగం, రోజియోస్పిరా స్త్రీలింగం అన్నది. చిన్నప్పుడు సంస్కృతం మాస్టారు శబ్దాలు వల్లె వేయించినప్పుడు ఇది ఎప్పుడు పనికొస్తుందా అనుకున్నాను. డెబ్బైఅయిదో ఏట పనికొచ్చింది.

షార్ దగ్గరివాళ్లకు నచ్చే సంగతి ఒకటి. 2005లో హైదరాబాదు నుంచి బెలూను ఎగరేసి, ఇరవై నుంచి నలభై కిలోమీటర్ల ఎత్తున గాలి పట్టి తెస్తే, సి.సి.ఎం.బి.లో శివాజీగారి బృందం, పుణేవారు కలిసి అందులో మూడు కొత్త బాక్టీరియా జాతులు తేల్చారు. 2009లో పేర్లు ప్రకటించారు. ఒకటి ఇస్రో పేరున బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ఒకటి ఆర్యభట్ట పేరున. ఆర్యభట్ట పేరున్నదాన్ని 2020లో వేరే ప్రజాతికి మార్చారు. ట్రాన్స్‌ఫర్ ఎవరికీ తప్పదు.

ఇక మా పిల్ల సంగతి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు స్పంజికలో బాక్టీరియా తీస్తానని పట్టుబట్టింది. తెల్లవారుజామున పడవలొచ్చే వేళకు ఇద్దరం ఆటోలో వెళ్లేవాళ్లం. వలల్లో పడి, పారేసేవాటిల్లో వెతకాలి. మూడుసార్లు ఉత్త చేతులతో వచ్చాం. నాలుగోసారి ఒకామె రొయ్యలు ఏరుతూ, గవ్వకు అతుక్కున్న నారింజరంగు ముక్క ఒకటి మావైపు విసిరింది. ఎందుకని కూడా అడగలేదు.

దాన్ని శుభ్రమైన సముద్రపు నీటితో కడిగి, ముక్క కోసి, నూరి, పలచన చేసి, గాజు పళ్లేల్లో గడ్డకట్టిన పోషకం మీద పూసింది. పాలరంగువి, పసుపువి ముందు వచ్చాయి. మూడో వారంలో సుద్దపొడి చల్లినట్టు ఒకటి మొలిచింది. దాని చుట్టూ వేరే సూక్ష్మజీవి పెరగలేదు. అంటే అది ఏదో మందు వదులుతున్నది! ఆ వారం ఇంట్లో నిద్ర లేదు. కొత్తదో పాతదో తేల్చడానికి 16ఎస్ అనే జన్యువును చదివించాలి. 1977లో కార్ల్ వూస్ అనే ఆయన ఈ జన్యువు ఆధారంగానే జీవులను కొత్తగా విభజించాడు. సుమారు పదిహేను వందల అక్షరాలు. తెలిసినవాటితో 98.7 శాతం కంటే తక్కువ కలిస్తే కొత్తదయ్యే అవకాశముంది.

మాది 99.8 వచ్చింది. ఎప్పుడో పేరు పెట్టిన స్ట్రెప్టోమైసిస్. పిల్ల కాగితం బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదే జాతి తాతా, ఎర్రమందుది" అన్నది. అవునమ్మా అన్నాను.

ఎమ్మెస్సీ అయిపోయింది. ఇప్పుడు పరిశోధనలో చేరింది. ఈసారి పళ్లేలు మూడు వారాలు కాదు, మూడు నెలలు ఉంచుతానంటున్నది, తొందరపడనివి ఆలస్యంగా మొలుస్తాయని. కొత్తది దొరికితే ఏం పేరు పెట్టమంటావని అడిగింది. సొంత పేరు పెట్టుకోవడం ఆ శాస్త్రంలో మర్యాద కాదట. లాటిన్ పుస్తకం చూసి, స్త్రీలింగానికీ పుంలింగానికీ నెల్లూరెన్సిస్ అనీ, నపుంసకలింగానికి నెల్లూరెన్సె అనీ కాగితం మీద రాసిచ్చాను. పర్సులో పెట్టుకున్నది.

మొన్న ఆదివారం మళ్లీ పడవల దగ్గరికి వెళ్లాం. ఏడు ముక్కలు దొరికాయి. సీసాల మీద తేదీ, చోటు, లోతు రాసి చీటీలు అంటించడం నా పని. నా దస్తూరి ఇంకా చెడిపోలేదు.